ఈ సినిమాలు చూడొద్దనే వాళ్ళకీ, చూపించి జబ్బలు చరుచుకునే వాళ్ళకీ

ఈమధ్య మా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో పగలంతా గర్భనిరోధక సాధనాల గురించీ, ఆపరేషన్ల గురించీ, ఆస్పత్రుల్లో ఆడవాళ్ళకి జరిగే అవమానాల గురించీ మాట్లాడుకున్నాం. రాత్రికి ఒక సినిమా వేద్దామనుకున్నాం. రుమేనియా దర్శకుడు క్రిస్టియన్ ముంజియు 2007లో తీసిన 'నాలుగు నెలలు, మూడు వారాలు, రెండు రోజులు' వేద్దామని ఒక అమ్మాయి ప్రతిపాదించింది. వెంటనే ఒక అక్క అభ్యంతరం చెప్పింది. ముప్ఫయ్యేళ్ళుగా బీడీ కార్మికుల్లో పని చేస్తున్న మనిషి, మా అందరికంటే ఎక్కువ లాఠీదెబ్బలు తిన్న మనిషి. "ఆ సినిమాలు మనకెందుకమ్మా? సోషలిజాన్ని తిట్టడానికి తీసినవి. బయట మతోన్మాదులు కాచుకుని ఉన్నారు. వాళ్ళ చేతికి మనమే కర్ర అందిస్తామా?" అంది. ఎవరూ మాట్లాడలేదు. పాటలు పాడుకుని పడుకున్నాం.

ఆ రాత్రి నేనూ నోరు మెదపలేదు. అక్క మీద గౌరవం ఒక కారణం. ఎందుకొచ్చిన గొడవ అనుకోవడం రెండో కారణం. ఆ రెండో కారణం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సినిమాలో ఏముంది?

1987లో రుమేనియాలో ఇద్దరు విద్యార్థినులు. హాస్టల్లో ఒకే గదిలో ఉంటారు. ఒకమ్మాయికి గర్భం వస్తుంది. గర్భస్రావం నేరం. చేయించుకున్నామెకీ, చేసినవాడికీ జైలే. స్నేహితురాలు అప్పు చేసి డబ్బు తెస్తుంది, హోటల్లో గది తీసుకుంటుంది, చాటుగా ఆ పని చేసేవాణ్ణి వెతికి తెస్తుంది. వాడు డబ్బుతో ఊరుకోడు. ఇద్దరి శరీరాలూ కావాలంటాడు. చట్టం ఎంత గట్టిగా ఉంటే వాడి బేరం అంత గట్టిగా ఉంటుంది. ఆ హోటల్ గదిలో ఒక్క పోలీసు కూడా కనిపించడు, రాజ్యం మాత్రం మంచం పక్కనే కూర్చుని ఉంటుంది. చివర్లో ఆ అమ్మాయిలిద్దరూ ఈ సంగతి ఇక ఎప్పుడూ మాట్లాడుకోకూడదని అనుకుంటారు.

ఆ మౌనం రుమేనియాలో 23 ఏళ్ళు నడిచింది. 1966 అక్టోబరులో చౌషెస్కు ప్రభుత్వం 770వ నంబరు డిక్రీ తెచ్చింది. 45 ఏళ్ళు దాటినవాళ్ళకీ, అప్పటికే నలుగురు పిల్లలున్నవాళ్ళకీ, ఇంకా ఇలాంటి కొన్ని సందర్భాలకీ తప్ప గర్భస్రావం నిషేధం. గర్భనిరోధక సాధనాలు అంగట్లో దొరకవు. పాతికేళ్ళు దాటి పిల్లలు లేనివాళ్ళ మీద పన్ను. 1980లలో ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళకి గర్భ పరీక్షలు, ఎవరైనా దాచిపెడుతున్నారేమోనని. 1966లో 2 లక్షల 74 వేలున్న జననాలు 1967లో 5 లక్షల 28 వేలకు చేరాయి. పాలకులు దాన్ని విజయం అన్నారు. ఆడవాళ్ళు త్వరలోనే చాటుమాటు దారులు వెతుక్కున్నారు. ఆ దారుల్లో చనిపోయినవాళ్ళు దాదాపు 10,000 మంది అని అంచనా. బయటపడని చావుల లెక్క ఎవరికీ తెలీదు. వద్దనుకున్నా పుట్టిన బిడ్డలతో అనాథాశ్రమాలు నిండిపోయాయి. 1989 డిసెంబరులో చౌషెస్కు కూలిపోగానే కొత్త ప్రభుత్వం చేసిన మొట్టమొదటి పనుల్లో ఒకటి ఈ నిషేధాన్ని ఎత్తేయడం. ఆ తర్వాత ఒక్క ఏడాదిలోనే ప్రసూతి మరణాల రేటు సగానికి పడిపోయింది.

ఇందులో తిట్టు ఎక్కడుంది? ఇది ఆడవాళ్ళ చావుల లెక్క. ఈ లెక్క మన పత్రికలో కాక ఇంకెక్కడ రాయాలి?

"అది అసలు సోషలిజమే కాదు"

అక్కలాంటి వాళ్ళు చెప్పే మొదటి జవాబు ఇదే. చౌషెస్కు ఒక నియంత, అతన్ని సోషలిజానికి ప్రతినిధిగా చూడకూడదు అని. సరే, ఒప్పుకుందాం. మరి సోవియట్ యూనియన్ సంగతి? ప్రపంచంలో మొదటిసారి 1920లో గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసిన దేశం అది. మనం ఎన్ని సభల్లో గర్వంగా చెప్పుకున్నామో ఆ మాట! చెప్పుకోవాల్సిందే. కానీ 1936లో స్టాలిన్ ప్రభుత్వం ఆ హక్కును తీసేసిందనీ, మళ్ళీ 1955 దాకా ఇవ్వలేదనీ ఎన్ని సభల్లో చెప్పాం? ఇచ్చినప్పుడు స్త్రీ విముక్తి అన్నారు. తీసుకున్నప్పుడు మాతృత్వ గౌరవం అన్నారు. రెండుసార్లూ నిర్ణయం ఆడవాళ్ళ చేతుల్లో లేదు. అడగకుండా ఇచ్చింది అడగకుండానే తీసుకోవచ్చు. ఇది శత్రువులు పుట్టించిన కథ కాదు, మనం నేర్చుకోవాల్సిన పాఠం. క్రెష్‌లు, చదువులు, ఉద్యోగాలు, సమాన వేతనం పేరుకైనా చట్టంలో ఉండటం, ఇవన్నీ ఆ దేశాల్లో స్త్రీలకు నిజంగా దక్కాయి. అవి చెబుతూ ఇది దాచిపెడితే మనం చెప్పే మంచిని కూడా ఎవరూ నమ్మరు.

రెండో జవాబు, ఇవన్నీ సామ్రాజ్యవాదుల డబ్బుతో తీసిన సినిమాలని. తీసిందెవరో చూడండి. అలెగ్జాండర్ అస్కోల్డోవ్ 'కమిసార్' 1967లో మాస్కోలోనే, ప్రభుత్వ స్టూడియోలోనే తీశాడు. ఎర్రసైన్యంలో పనిచేసే ఒక కమిసార్ గర్భవతి అయి, ఒక పేద యూదు కుటుంబంలో ప్రసవించి, బిడ్డను వాళ్ళకు వదిలి మళ్ళీ యుద్ధానికి వెళ్ళిపోయే కథ. విప్లవం మీద ప్రేమతో తీసిన సినిమా. దాన్ని 20 ఏళ్ళు తొక్కిపెట్టారు. దర్శకుణ్ణి పార్టీ నుంచి బహిష్కరించారు. అతను మళ్ళీ కథాచిత్రం తీయలేదు. రిషార్డ్ బుగాయ్‌స్కీ 'ఇంటరాగేషన్' కూడా పోలండులోనే, ప్రభుత్వ నిధులతోనే తయారైంది. స్టాలిన్ కాలంలో ఒక పాటగత్తెను పట్టుకుపోయి, పరిచయస్తుడి మీద తప్పుడు సాక్ష్యం చెప్పమని ఏళ్ళ తరబడి హింసిస్తారు. ఆమె చెప్పదు. 1982లో పూర్తయిన ఆ సినిమాని నిషేధిస్తే జనం దొంగ వీడియో కేసెట్లలో చూశారు. అది 1989 డిసెంబరులో విడుదలయ్యింది. ఆ పాత్ర వేసిన క్రిస్తీనా యాండాకి 1990లో కాన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఆ జైలు గదిలో ఆమెతో పాటు నిజంగా కమ్యూనిజాన్ని నమ్మిన స్త్రీ కూడా ఖైదీగా ఉంటుంది. ఆమెకి మన సానుభూతి ఇవ్వమా? ఆమె మన మనిషి కాదా?

చప్పట్లు కొట్టేవాళ్ళ సంగతి

ఇక రెండో వైపు. ఇలాంటి సినిమాలు చూపించి "చూశారా కమ్యూనిస్టుల పాలన!" అని జబ్బలు చరుచుకునేవాళ్ళు. వాళ్ళకి ఆడవాళ్ళ చావులు కావాలి, ఆడవాళ్ళ హక్కులు అక్కర్లేదు.

జర్మనీ సినిమా 'ది లైవ్స్ ఆఫ్ అదర్స్' (2006) ప్రపంచమంతా తిరిగింది, ఆస్కార్ గెలిచింది. తూర్పు జర్మనీ రహస్య పోలీసు అధికారి ఒకడు ఒక రచయిత ఇంట్లో మాటలు చాటుగా వింటూ వింటూ మంచివాడైపోతాడు. రచయిత బతుకుతాడు, పుస్తకం రాస్తాడు, దాన్ని ఆ అధికారికి అంకితమిస్తాడు. ఇద్దరు మగవాళ్ళూ ఒకరికొకరు గొప్పవాళ్ళవుతారు. మరి ఆ ఇంట్లో ఉన్న నటి? మంత్రి ఆమెను బలవంతంగా లొంగదీసుకుంటాడు. పోలీసులు ఆమె బలహీనత పట్టుకుని రచయిత గుట్టు చెప్పిస్తారు. ఆమె ట్రక్కు కింద పడి చచ్చిపోతుంది. ఆ సినిమాలో అందరికంటే ఎక్కువ హింస పడింది ఆమె. పుస్తకం అంకితం ఆమెకి లేదు. ద్రోహం మాత్రం ఆమె పేరున మిగిలింది. మగవాళ్ళ మంచితనం చూపించడానికి ఆడదాని శవం కావాల్సి వచ్చింది. ఈ కథ మనకు కొత్తా?

ఆంద్రే వాయిదా 1977లో 'మ్యాన్ ఆఫ్ మార్బుల్' తీశాడు. అందులో ఆగ్నేష్కా అనే అమ్మాయి కెమెరా పట్టుకుని, దాచిన చరిత్రను తవ్వుతూ ఎవరికీ జంకకుండా తిరుగుతుంది. 1981లో దాని కొనసాగింపు 'మ్యాన్ ఆఫ్ ఐరన్' వచ్చేసరికి ఆ పిల్లే సమ్మె వీరుడి భార్యగా, అతని బిడ్డకు తల్లిగా మారిపోయింది. కెమెరా పోయింది. నిజ జీవితంలో ఏం జరిగింది? 1980 ఆగస్టులో గ్దాన్స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె మొదలైందే అన్నా వాలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్‌ను ఉద్యోగంలోంచి తీసేసినందుకు. మూడో రోజున వాలెసా సమ్మె ముగిసిందని ప్రకటించి కార్మికులు ఇళ్ళకు బయల్దేరితే, గేట్ల దగ్గర అడ్డం నిలబడి ఆపిన వాళ్ళలో ముందున్నది అన్నా, నర్సు అలీనా పియెన్‌కోవ్‌స్కా, ట్రామ్ డ్రైవర్ హెన్రికా క్షివోనోస్. ఆ రోజు వాళ్ళు ఆపకపోతే సాలిడారిటీ ఉద్యమమే లేదు. కానీ పేరు ఎవరిదయ్యింది? నోబెల్ బహుమతి ఎవరికొచ్చింది? ఆ స్త్రీల మాటలు వినడానికి 'సాలిడారిటీ - స్త్రీల దృష్టిలో' అనే డాక్యుమెంటరీ 2014లో గానీ రాలేదు.

సినిమాలో స్త్రీని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళు తర్వాత చట్టంలోనూ కూర్చోబెట్టారు. కమ్యూనిస్టు పాలనలో 1956 నుంచీ ఉన్న గర్భస్రావ హక్కును 'స్వేచ్ఛ' పొందిన పోలండు 1993లో చాలావరకు తీసేసింది. 2020లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మిగిలిన కాస్తనూ కత్తిరించింది. లక్షల మంది ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చారు. రుమేనియా సినిమా చూసి కమ్యూనిజాన్ని తిట్టేవాళ్ళని నేను అడిగేది ఒకటే. పోలండు గురించి మీ సినిమా ఏది?

ఒకే వేదిక మీద రెండు దేశాలు

నాన్‌ఫూ వాంగ్, జ్యాలింగ్ జాంగ్ తీసిన డాక్యుమెంటరీ 'వన్ చైల్డ్ నేషన్' 2019లో వచ్చింది. వాంగ్ తన సొంత ఊరికి వెళ్ళి, సొంతవాళ్ళనే ప్రశ్నలు అడుగుతుంది. ఆమె మేనమామ ఆడబిడ్డను సంతలో వదిలేస్తే ఆ బిడ్డ చచ్చిపోయింది. ఆమెకి పురుడు పోసిన మంత్రసాని తాను చేసిన ఆపరేషన్లు, గర్భస్రావాలు యాభై అరవై వేలుంటాయని లెక్క చెప్పి, ఇప్పుడు పాపపరిహారంగా పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేస్తున్నానంటుంది. వాంగ్ కన్నతల్లి మాత్రం ఆ విధానం మంచిదేనని ఇప్పటికీ వాదిస్తుంది. హింస చేసినవాళ్ళూ ఆడవాళ్ళే, పడ్డవాళ్ళూ ఆడవాళ్ళే. "చేయక తప్పలేదు" అనే మాట ఆ సినిమా అంతటా వినిపిస్తుంది. టార్గెట్ల కోసం ఊళ్ళమ్మట తిరిగిన మన ఆరోగ్య కార్యకర్తల నోట ఆ మాట మనమెన్నిసార్లు విన్నాం!

ఈ సినిమా చూసి "చైనా ఘోరం" అని చేతులు దులుపుకునేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1983లో చైనాలో ఒక్క ఏడాదిలో 2 కోట్ల మందికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. అదే 1983లో ఐక్యరాజ్యసమితి మొదటిసారి జనాభా అవార్డు ఇచ్చింది. ఇద్దరికి ఇచ్చింది. ఒకరు చైనా కుటుంబ నియంత్రణ మంత్రి చియాన్ సిన్‌జోంగ్. రెండోవారు మన ఇందిరాగాంధీ, 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగిన ఎమర్జెన్సీ నాటి ప్రధాని. ఒకటి కమ్యూనిస్టు దేశం, ఒకటి ప్రజాస్వామ్యం. అవార్డు ఒకటే.

మన రాష్ట్రానికి వద్దాం. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద స్త్రీల మీద నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగం పెట్టారు. అది ప్రయోగమని కూడా వాళ్ళకి తెలీదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళి నిలదీశారు. సహేలీ, చింగారీలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే సర్పంచి పదవికి పనికిరారంది. ఎన్ని గర్భాలు మోయాలో భర్తా అత్తా నిర్ణయించే ఇళ్ళల్లో ఆ శిక్ష ఎవరి మీద పడిందో మనకు తెలుసు. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. సంతోషమే. కానీ ఎందుకు ఎత్తేశారు? అది అన్యాయమని కాదు, జనాభా తగ్గిపోతోందని. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువ మంది పిల్లల్ని కనమని బహిరంగంగానే చెప్పారు. నిన్న కనొద్దన్నారు, ఇవాళ కనమంటున్నారు. చైనా కూడా అంతే, 2016లో ఇద్దరన్నది, 2021లో ముగ్గురన్నది. జెండా రంగు మారినా ఆడదాని కడుపు రాజ్యం లెక్కల పుస్తకంలో ఒక పద్దుగానే ఉంది.

మనం ఏం చేయాలి?

శత్రువుకి ఆయుధం అవుతుందని మన తప్పులు మనం దాచుకుంటే ఏమవుతుందో మనకు తెలుసు. కొట్టే మొగుడి గురించి బయట చెబితే ఇంటి పరువు పోతుందని ఆడవాళ్ళ నోరు నొక్కినప్పుడు మనం ఏం చెబుతాం? నోరు విప్పమ్మా అంటాం. పార్టీ పరువు దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఎందుకు మారుతుంది?

ఈ పని మన దగ్గర ఒకసారి జరిగింది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు నోరు విప్పారు. తుపాకీ పట్టిన గర్వం చెప్పారు. పోరాటం కోసం బిడ్డల్ని దూరం చేసుకున్న కడుపుకోత చెప్పారు. 1951లో పోరాటం ఆగిపోయాక ఎవరిళ్ళకి వాళ్ళని పంపేస్తే పడ్డ కష్టం చెప్పారు. ఆ గర్వాన్నీ ఈ దుఃఖాన్నీ ఒకే నోటితో చెప్పారు. దాంతో ఆ పోరాటం విలువ తగ్గలేదు, పెరిగింది.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఈ సినిమాలు తరగతుల్లో వేద్దాం. రుమేనియా సినిమా వేసిన రోజే పోలండు గురించి మాట్లాడుకుందాం. చైనా డాక్యుమెంటరీ వేసిన మర్నాడే మన ఆపరేషన్ క్యాంపుల మీద చర్చ పెడదాం. ప్రతి సినిమాకీ ఒకే ప్రశ్న వేద్దాం: ఇందులో ఆడమనిషి తన మాట తను చెప్పుకుందా, లేక ఇంకెవరి వాదానికో సాక్ష్యంగా నిలబడిందా?

అక్కకి ఈ వ్యాసం అచ్చుకి ముందే చదివి వినిపించాను. సినిమా వేయొద్దనే ఇప్పటికీ అంటోంది. వేస్తే మాత్రం చర్చకి తానే అధ్యక్షత వహిస్తానంది. వచ్చే తరగతుల్లో వేస్తున్నాం.