ఎత్తేది నూనె, నిలిపేది ఉక్కు

లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే యంత్రశిల్పి 1784లో ఒక తాళానికీ, 1795లో ద్రవపీడనంతో పనిచేసే ప్రెస్సుకూ పేటెంటు పొందాడు. నేడు మోటారు సైకిలును పైకి లేపే హైడ్రాలిక్ జాకీ ఆ ప్రెస్సు సంతతికి చెందినదే. దాన్ని కొనదలచినవారు బ్రామా చేసిన రెండు వస్తువులనూ జ్ఞాపకం ఉంచుకోవాలి. బరువును ఎత్తడానికి ద్రవపీడనం ఎంత అవసరమో, ఎత్తినదాన్ని నిలపడానికి తాళం అంత అవసరం.

జాకీ సూత్రం సులభమే. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యం గల చిన్న పిస్టన్‌ను 10 కిలోల బలంతో నొక్కితే, 20 చదరపు సెంటీమీటర్ల పెద్ద పిస్టన్ 200 కిలోలను మోస్తుంది. అయితే చిన్నది 20 అంగుళాలు కదిలితేగాని పెద్దది అంగుళం లేవదు. జాకీ పెడలును అన్నిసార్లు తొక్కవలసిరావడానికి కారణం ఇదే.

కొనేముందు బండి బరువు తెలుసుకోవాలి. నేటి బుల్లెట్ 350 సుమారు 195 కిలోలు ఉంటుంది. అటువంటి బండికి 400 కిలోల సామర్థ్యం గల జాకీ తీసుకోవడం వివేకం. బండి అడుగు భాగాన్ని కూడా పరిశీలించాలి. ఇంజను కింద ఫ్రేము గొట్టాలుంటే జాకీ చేతులు వాటికి ఆనాలి. సైలెన్సరు గొట్టం మీద గాని, ఆయిలు తీసే బోల్టు మీద గాని భారం పడరాదు. కింద గొట్టాలు లేని బండ్లకు ఆధారం ఎక్కడ ఇవ్వాలో తయారీదారు పుస్తకంలో చూడాలి.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఉక్కు గడియ. లోపలి సీలు చిరిగితే నూనె వెనక్కు జారి, బండి కిందికి దిగుతుంది. ఆ క్షణాన చక్రం విప్పుతున్నవాని చేయి దానికిందే ఉండవచ్చు. కనుక బండిని లేపగానే గడియ వేసి, భారాన్ని దానిమీదికి దించాలి. వెనుక చక్రం తీసినప్పుడు బరువు ముందుకు మొగ్గుతుంది గనుక, ముందుగానే బండిని జాకీకి పట్టీలతో బిగించాలి. జాకీ కింద నేల చదునుగా, గట్టిగా ఉండాలి.

జాకీ ఆయుష్షు సీలులోనే ఉంది. జాకీ ఆయిలుకు బదులు బ్రేకు ఆయిలు పోస్తే సీలు ఉబ్బి పాడవుతుంది. పని ముగియగానే జాకీని పూర్తిగా దించి ఉంచితే, పిస్టన్ కడ్డీకి తుప్పూ ధూళీ అంటవు. పెడలు మెత్తగా ఆడుతూ బరువు లేవకపోతే లోపల గాలి చేరిందన్నమాట. బరువు లేకుండా, దించే మరను వదులుచేసి పదిసార్లు తొక్కితే సాధారణంగా అది వెలుపలికి పోతుంది. కీళ్లకూ చక్రాలకూ అప్పుడప్పుడు గ్రీజు పెట్టాలి. వంగిన చేతిని వెల్డింగుతో సరిచేయించి మళ్ళీ వాడరాదు.

పనిలో దిగేముందు ఒక్క క్షణం ఆగి, గడియ పడిందో లేదో కంటితో చూడాలి. చేయి పెట్టవలసింది ఆ తరువాతే.