నారు పోస్తే సరిపోతుందా?

హైదరాబాద్‌ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు మన సముద్రాల్లోని మెత్తటి పగడాల నుంచి రసాయనాలను వేరుచేసి, మందులకు పనికొస్తాయేమోనని పరీక్షించారు. నగరానికి మరో కొసన ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2011 నుంచి పగడాలు తెల్లబడే ముప్పును ముందే పసిగట్టి హెచ్చరికలు ఇస్తోంది. ఒడ్డుకు ఇంత దూరాన ఉన్న ఊరికి పగడాలతో ఉన్న బంధం అది. కాబట్టి ఉస్మానియా క్యాంపస్‌లో చదివే పిల్లలకు పగడాల పెంపకం పరాయి సంగతేమీ కాదు.

పద్ధతి మన రైతుకు తెలిసిందే. విరిగిన పగడపు కొమ్మలను ఏరి, నీటి అడుగున చట్రాలకో తాళ్లకో కట్టి, నెలల తరబడి నారుమడిలా పెంచి, దెబ్బతిన్న దిబ్బ మీద నాటుతారు. తమిళనాడు తీరంలోని మన్నారు సింధుశాఖలో ఈ పని చాలాకాలంగా సాగుతోంది. అక్కడ సున్నానికీ కట్టడాలకూ దశాబ్దాల పాటు పగడాలను తవ్వేశారు. 21 దీవుల్లో రెండు మునిగిపోయాయి. గట్టి పగడాలన్నిటికీ 2001లో వన్యప్రాణి చట్టం రక్షణ దొరికింది. తవ్వకం ఆగిన చోట నాటడానికి అర్థం ఉంది, ఎందుకంటే చెరుపు చేసిన చెయ్యి తప్పుకుంది.

వేడి సంగతి వేరు. పగడం తన ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు చేసిపెట్టే తిండి మీదే ప్రధానంగా బతుకుతుంది. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువగా కొన్ని వారాలు నిలిచినా వాటిని బయటికి నెట్టేస్తుంది, తెల్లబడుతుంది. 2023 జులైలో ఫ్లోరిడాలోని సోంబ్రెరో దిబ్బ మీద నాటిన పగడాలు మొత్తంగా చచ్చిపోయాయి. నీటి అడుగున పెంచుతున్న వాటిని హడావుడిగా ఒడ్డుమీది తొట్లలోకి తరలించాల్సి వచ్చింది. 2020లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం నాటిన పగడాలు సగటున 60–70 శాతం బతుకుతాయి. వినడానికి బాగుంది. కానీ ఆ ప్రాజెక్టుల్లో 60 శాతం, నాటాక 18 నెలలు కూడా గమనించలేదని అదే సమీక్ష చెబుతోంది. పునరుద్ధరించిన విస్తీర్ణం చూస్తే, ఎక్కువ చోట్ల వంద చదరపు మీటర్ల స్థాయే.

అలాంటప్పుడు దిబ్బలను ప్రకృతికే వదిలేస్తే పోలేదా అని కొందరంటారు. లక్షదీవుల్లో 1998 నాటి వేడి దెబ్బ తర్వాత పగడాలు తమంతట తామే కోలుకున్న మాట నిజం. అయితే 2010, 2016, 2024లో మళ్లీ వేడి దెబ్బ తగిలింది. తేరుకోవడానికి వ్యవధి ఏది? వేడిని ఆపలేనప్పుడు నాటడం వృథా అనే వాదనా నాకు నచ్చదు. వేడికి తట్టుకున్న రకాలను విత్తనంగా దాచుకోవడానికీ, ఓడలో లంగర్లో కూల్చిన చోట పూడ్చడానికీ ఈ మళ్లు కావాలి. తప్పెక్కడ వస్తుందంటే, ఇక్కడ దిబ్బను చెరిపి మరోచోట నాటుతామని అనుమతులు పొందడంలో. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు, బండలాంటి పగడానికి ఒక్క సెంటీమీటరే గగనం. శతాబ్దాల వయసున్న దిబ్బకు రెండేళ్ల నారు బదులు కాదు.

అందుకే నా మాట ఒక్కటే. నాటే ప్రతి పథకానికీ డబ్బిచ్చేముందు రెండు షరతులు పెట్టాలి: ఇన్‌కాయిస్ హెచ్చరికలను బట్టి నాటే కాలమూ మడిని తరలించే ఏర్పాటూ ముందే నిర్ణయించాలి; నాటినవి ఎన్ని బతికాయో పదేళ్ల పాటు లెక్కలు బయటపెట్టాలి. ఈ రెండూ లేని పథకానికి ప్రజల సొమ్ము ఇవ్వకూడదు.