ఒక్క బౌట్ అడిగినందుకు

రీమ్యాచ్ అనగానే జోస్యాలు మొదలవుతాయి. ఎవరి వయసెంత, ఎవరికెన్ని పతకాలు? చెప్పుకోండి, తప్పులేదు. ఆ జోస్యమే సెలక్షన్ రూలైతేనే గొడవ.

2019 మేలో, గువహటి ఇండియా ఓపెన్‌లో, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మేరీ కోమ్ చేతిలో ఓడింది. ఆ ఏడాది చివర్లో ఒలింపిక్ క్వాలిఫయర్‌కి 51 కిలోల విభాగంలో ట్రయల్ లేకుండా మేరీనే పంపాలని బాక్సింగ్ ఫెడరేషన్ పెద్దలు అనుకున్నారు. నిఖత్ క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకి ఉత్తరం రాసింది. అడిగింది సీటు కాదు, ఒక్క బౌట్. డిసెంబర్ 28న ఢిల్లీలో ఆ బౌట్ జరిగింది. మేరీ 9-1తో గెలిచింది.

"ముందే చెప్పాంగా" అన్నవాళ్లున్నారు. నిజమే, జోస్యం ఫలించింది. అయినా ట్రయల్ పెట్టాల్సిందే. మన సూళ్లూరుపేట పక్కనే షార్ ఉంది కదా. అన్నిసార్లు ఎగిరిన పీఎస్‌ఎల్‌వీకి కూడా ప్రతిసారీ మళ్లీ పరీక్షలు, మళ్లీ కౌంట్‌డౌన్. అయినా 2025 మేలో సీ61 మూడో దశలో దెబ్బతింది. పాత రికార్డు గ్యారంటీ కార్డు కాదు.

మేరీ మనకు శత్రువు కాదు. మణిపూర్‌లో పొలం పనులు చేసుకునే కోమ్ గిరిజన కుటుంబం నుంచి వచ్చిన మనిషి. ఆమె పతకాల్ని అడ్డుగోడ చేసినవాళ్లతోనే నా పేచీ. మెరిట్ పేరు చెప్పి మన పిల్లల్ని గుమ్మం బయటే ఆపేవాళ్లదీ ఇదే లెక్క: వీళ్లెలాగూ నెగ్గరు, పరీక్ష దేనికి?

2022 మే 19న ఇస్తాంబుల్‌లో నిఖత్ 5-0తో ప్రపంచ ఛాంపియన్ అయింది. అక్కడ ఓడినా, ఆ ఉత్తరం రాయడం సరైనదే అనేవాణ్ణి.