తుపాకికి ముందు విదూషకుడు

2025 ఆగస్టులో మన పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలను గురించి ఒక చట్టము చేసినది. 20వ తేదీన లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించగా, 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడినది. డబ్బు ఒడ్డి ఆడే ఆటలను ఆ చట్టము నిషేధించినది. పోటీ క్రీడలుగా ఆడే వానిని, విద్యకూ వినోదమునకూ ఉపకరించే వానిని ప్రోత్సహించదలచినది. జూదము ఇల్లు గుల్ల చేస్తుందని ధర్మరాజు కథ విన్న ప్రతివానికీ తెలుసును. ఆ విషయమున నాకిక్కడ వాదము లేదు. కాని, పిల్లవాడు ఆటలో ఎంత సొమ్ము పోగొట్టుకొన్నాడని అడిగే మనము, ఆ ఆట వానికి ఏ కథ చెప్పినదని అడుగుట లేదు. చట్టము ఆ ప్రశ్న వేయదు. వేయవలసిన బాధ్యత దానిది కూడా కాదు. అది తల్లిదండ్రులది, అంతకంటె ఎక్కువగా ఉపాధ్యాయులది.

ఈ ఆలోచన నాకు పెదకాకానిలో కలిగినది. సంక్రాంతి సెలవులలో ఒక మిత్రుని ఇంటికి పోయినాను. ఒకవైపు గుంటూరు–విజయవాడ రహదారిమీద లారీల రొద, మరొకవైపు మల్లేశ్వరస్వామి ఆలయమునకు పోయివచ్చే జనము, వాకిట ఎండబెట్టిన మిరపకాయల ఘాటు. ఇన్నింటి నడుమ, మిత్రుని పెద్ద కుమారుడు వరండాలో కంప్యూటరు ముందు కూర్చుండి తుపాకి ఆట ఆడుతున్నాడు. ఇంజనీరింగు చదువుతున్నవాడు. ఎనిమిదవ తరగతి తమ్ముడు వెనుక నిలుచుండి చూస్తున్నాడు. ఆట పేరు బోర్డర్‌ల్యాండ్స్, రెండవ భాగము. ఆరంభమున చిత్రకథ రాగానే అన్న ఒక మీట నొక్కి దానిని దాటించినాడు. కొంతసేపటికి మంచులో ఒంటిచక్రపు మరమనిషి ఒకడు కన్ను పోగొట్టుకొని తడుముకొంటూ ఏదో మొరపెట్టుకొన్నాడు.

"అన్నయ్యా, వాడెందుకు ఏడుస్తున్నాడు?" అన్నాడు తమ్ముడు.

"వాడి గోల మనకెందుకురా! ముందు తుపాకి దొరకనీ" అన్నాడు అన్న.

ఆ రెండు మాటలలో నేను చెప్పదలచిన దంతయు ఉన్నది.

ఇట్టి ఆటల పరిచయము లేనివారి కొరకు కొంత వివరించవలెను. తుపాకి ఆటలో ఆడువాడే నాయకుడు. తెరమీద వానికి కనిపించునవి తన చేతిలోని ఆయుధము, ఎదుటి లోకము. ఆట అంచెలంచెలుగా సాగును. ఆ అంచెను మనము మజిలీ అనవచ్చును. కాశీమజిలీ కథలలో యతి తన వెంట వచ్చే పశువుల కాపరి పిల్లవానికి ప్రతి మజిలీలోను ఒక కథ చెప్పవలసినవాడైనాడు. కథ ఆగితే ప్రయాణము ఆగుతుంది. అది వారి ఒడంబడిక. ఆటలు తయారుచేయువారికీ ఆడువారికీ మధ్య ఉన్న ఒడంబడిక కూడా అటువంటిదే.

తొలినాళ్ళ తుపాకి ఆటలలో కథ పేరుకు మాత్రమే ఉండేది. 1993లో వచ్చిన డూమ్‌లో నడవలు, రాక్షసులు, కాల్పులు తప్ప సంభాషణ అనునది లేదు. 1996 నాటి డ్యూక్ నూకెమ్ త్రీడీలో నాయకుడు నోరు విప్పినాడు. శత్రువులు వాని వాహనమును కూల్చినారు. లోకమునకు వచ్చిన ఆపదను గురించి విచారించుటకు ముందు, తన బండి పాడైనందుకు వాడు మండిపడతాడు. 2000 సంవత్సరపు నో వన్ లివ్స్ ఫరెవర్ 1960ల నాటి గూఢచారి చిత్రములను వెక్కిరించినది; అందులో కావలివాండ్ర పిచ్చాపాటీని చాటుగా నిలిచి వినవచ్చును. 2001లో క్రొయేషియా దేశపు యువకులు తయారుచేసిన సీరియస్ శామ్‌లో తలలేని మొండెములు గావుకేకలు పెడుతూ మీదికి పరుగెత్తివచ్చును. తల లేనివాడు ఎట్లు అరచుచున్నాడన్నదే అక్కడి హాస్యము. ఈ వరుసలో 2009లో బోర్డర్‌ల్యాండ్స్, 2012లో దాని రెండవ భాగము వచ్చినవి. నాలుగవ భాగము 2025 సెప్టెంబరులో వెలువడినది. హాస్యపు తుపాకి ఆట అన్నంతనే ఇప్పుడు ఎక్కువమందికి స్ఫురించే పేరు అదే.

ఆ రెండవ భాగపు మొదటి మజిలీని కొంచెము నిదానముగా చూతము. పండోరా అను గ్రహములో నిధి వెదకుటకు వచ్చినవాడు నాయకుడు. హ్యాండ్సమ్ జాక్ అను ప్రతినాయకుడు వాడు ఎక్కిన రైలును పేల్చివేసి, చచ్చినాడనుకొని మంచులో వదలివేస్తాడు. అనగా నాయకుని ప్రవేశము పరాజయముతోనే జరుగుచున్నది. వానిని మంచులోనుండి తవ్వి తీసినవాడు క్లాప్‌ట్రాప్ అను మరమనిషి. నోటి దురుసు, ఒట్టి డాంబికము. రక్షింపబడిన వీరుని తన బంటుగా ప్రకటించుకొంటాడు. అంతలో ఒక మంచుమృగము వచ్చి ఆ డాంబికుని ఒంటికన్ను పెరికికొనిపోవును. ఇక మన వీరుని తొలి ఘనకార్యమేమి? రాజ్యమును రక్షించుట కాదు, ఒక మాటలపోగు కన్ను తెచ్చి ఇచ్చుట!

ఈ నవ్వు ఊరక పెట్టినది కాదు. కొత్తగా ఆడువానికి నడచుట, వస్తువు నెత్తుకొనుట, గురి చూచుట నేర్పవలెను. "ఇది నొక్కుము, అది నొక్కుము" అని పాఠము చెబితే విసుగు పుట్టును. అందుచేత ఆట ఒక అమాయకుని ముందు నిలబెట్టినది. గుడ్డివానికి తోడు పోతున్నామనుకొంటూ మనమే దారి నేర్చుకొంటాము. తనకు లెక్క తప్పినట్లు నటించి, పిల్లలచేత సరిదిద్దించే ఉపాధ్యాయుని చమత్కారము ఇదే.

ఆ మజిలీలో ఇంకొక రహస్యమున్నది. నాయకునికి మొదటినుండి రెండు కంఠములు వినిపించును. ఒకటి క్లాప్‌ట్రాప్ గోల. రెండవది ఏంజెల్ అను అదృశ్య స్త్రీ కంఠము. మృదువుగా, గంభీరముగా, కొండంత ధైర్యము చెబుతుంది. మనము మొదటివానిని చూచి నవ్వుతాము, రెండవ ఆమెను నమ్ముతాము. కథ నడిమికి వచ్చుసరికి తెలుస్తుంది: ఆ మృదుకంఠమే మనను జాక్ చేతిలో పెట్టినది. ఆమె జాక్ కూతురు, తండ్రి చెరలో ఉన్న నిర్భాగ్యురాలు. చేసిన దానికి వగచి, తన ప్రాణమిచ్చి తండ్రికి ఎదురు తిరుగుతుంది. డాంబికుడని మనము నవ్విన క్లాప్‌ట్రాప్ మాత్రము గొప్పలు చెప్పుకొన్నాడు గాని మోసము చేయలేదు. జాక్ సంగతియు అట్టిదే. తొలి మజిలీలలో వాడు మనలను హేళన చేస్తూ, వజ్రపు గుఱ్ఱమును గురించి బడాయి పోతూ వినోదము కలిగిస్తాడు. తరువాత వాడు మన మిత్రులను చంపినప్పుడు, ఆ వినోదము గొంతులో అడ్డుపడును. తొలి నవ్వు విననివానికి ఈ తరువాతి బాధ అందదు.

ఈ మర్యాదలు మనకు కొత్తవా? తోలుబొమ్మలాటలో ప్రార్థన కాగానే తెరమీదికి ముందు వచ్చేది రాముడు కాదు. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఊరివారి భాషలో ఊరివారి సంగతులు మాటలాడి, జనమును కూర్చుండబెడతారు. రామాయణములో వారికి చోటు లేదు. కాని వారు లేక రామాయణము సాగదు. బుఱ్ఱకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. అందొకడు హాస్యగాడు. వినువారు అడుగదలచి అడుగలేని ప్రశ్నను వాడు వెఱ్ఱివానివలె అడుగుతాడు. ఆ నెపముతో కథకుడు విషయము విశదీకరిస్తాడు. ఈ కళను దేశమంతట నిలబెట్టి 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ మన గుంటూరు జిల్లా పొన్నెకల్లువాడే. పల్నాటి యుద్ధము వంటి రక్తసిక్తమైన కథను చెప్పునప్పుడు కూడా ఆ దళములో హాస్యమునకు పీట ఉన్నది. అయితే చావు వచ్చిన చోట హాస్యగాడు గొంతు తగ్గించును. ఎక్కడ నవ్వించవలెనో, ఎక్కడ మానవలెనో తెలియుటయే వంతగాని విద్య.

మరికొంత వెనుకకు పోతే, కాళిదాసు శాకుంతలము ఎట్లు మొదలగుచున్నది? ఎక్కుపెట్టిన విల్లుతో దుష్యంతుడు లేడిని తరుముచు వస్తాడు. తపస్వులు అడ్డుపడి ఆశ్రమమృగమును కొట్టవద్దంటారు. రాజు బాణము దించుతాడు. రెండవ అంకము తెరవగానే విదూషకుడు ఈ వేట తన ప్రాణము తీస్తున్నదని మొత్తుకొంటాడు, వేట ఆగుతుంది. అనగా ఆయుధముతో ప్రారంభమైన నాటకములో మొదటి పాఠము దానిని దించుట. ఆ పాఠమును నవ్వుతూ బలపరచినవాడు విదూషకుడు. ఆయుధమునకు ప్రక్కన హాస్యమును నిలుపుటలోని అసలు ప్రయోజనము ఇదేనని నా అభిప్రాయము. ఆయుధము ధరించినవాడు తాను దేవుడననుకొనకుండ అది కాపాడును.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును, అది న్యాయమైనదే. "ఈ ఆటలలో హాస్యము ఆయుధమును దించుటలేదు గదా, చంపుటను తేలిక చేస్తున్నది గదా!" నిజమే. ముసుగులు వేసిన దోపిడిగాండ్రు పిచ్చికేకలు పెడుతూ మీదపడుదురు. వారు మనుష్యులవలె కనిపించనందున ఆడువానికి చేయి వణకదు. కేతిగాడు దెబ్బలు తిని మరల లేస్తాడు, వీరు లేవరు. అందుకే ఈ ఆట 17 ఏండ్లు నిండినవారికని అమెరికాలోను, 18 నిండినవారికని ఐరోపాలోను వర్గీకరించినారు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు దాని ముందు నిలుచుండుట నేను సమర్థించను. ఆ మాట ఆనాడు మిత్రునితో చెప్పియే వచ్చినాను. కాని ఆక్షేపించువారు ఒకటి గమనించవలెను. హాస్యమును తీసివేసినంత మాత్రమున కాల్పులు పోవు. కాల్పులు మాత్రమే మిగులును. పెదకాకాని వరండాలో నేను చూచినది అదే. ఆట తయారుచేసినవారు తుపాకికి ముందు ఒక విదూషకుని నిలిపినారు. ఆడువాడు ఆ విదూషకుని దాటవేసి తుపాకి మాత్రము తీసికొన్నాడు.

ఎందుకు దాటవేసినాడు? తొందర ఒక కారణము. రెండవది భాష. క్లాప్‌ట్రాప్ మాటలాడునది అమెరికా వీథుల ఇంగ్లీషు. యాస, శ్లేష, వేగము కలిసినది. ఈ ఆటకు తెలుగు మాటలు లేవు. మన విద్యార్థి పాఠ్యపుస్తకపు ఇంగ్లీషు చదివి పరీక్ష నెగ్గగలడు. ఒకని వెటకారము పట్టుకొనలేడు. పరభాషలో చిట్టచివర అర్థమగునది హాస్యమే. తుపాకికి మాత్రము భాష అక్కరలేదు. ఈ విధముగా, ఒకే ఆటను ఆ భాషవాడు కథగా ఆడుచుండగా, మనవాడు గురిగా మాత్రము ఆడుచున్నాడు. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము పబ్జీ ఆటను నిషేధించినప్పుడు ఎన్నో ఇండ్లలో పిల్లలు విలవిలలాడినారు. ఆ ఆటలో విదూషకుడు లేడు, మొదటి మజిలీ లేదు. నూరుమంది దిగుట, ఒకడు మిగులుట. మన పిల్లలు అట్టివానికి మరిగినారన్న, భాష అడ్డురాకుండుట అందొక కారణమని నాకు తోచుచున్నది.

మరి చేయదగినదేమి? ఆటలు తయారుచేయు సంస్థలు హైదరాబాదులోను ఉన్నవి. వారు మన కేతిగానిని, బంగారక్కను బొమ్మలుగా వాడుకొని ఊరకుండక, వారి పనిని, అనగా మొదటి మజిలీలో ఆడువానిని నవ్విస్తూ నడిపించే పనిని, తెలుగులో వారికి అప్పగించవలెను. అది కాలముమీద జరుగవలసిన మాట. ఉపాధ్యాయుడు మాత్రము రేపే చేయగలది ఒకటి కలదు. వ్యాసరచన గంటలో విద్యార్థులను, తాము ఎరిగిన ఏ ఆటదైనను సరే, మొదటి మజిలీ కథను పది వాక్యములలో తెలుగులో వ్రాయుమనవలెను. పిదప మూడు ప్రశ్నలు వేయవలెను: నీకు ముందు ఎదురైనదెవరు? నీవు దేనికి నవ్వినావు? ఎవరిని నమ్మినావు, ఎందుకు నమ్మినావు? వ్రాయలేనివాడు కథను దాటవేసినాడని వానికే తెలిసిపోవును. వ్రాసినవానికి శాకుంతలపు మొదటి రెండంకములు చెప్పి చూడుడు. విదూషకుడెవరో వానికి వేరుగా వివరింప నక్కరలేదు.

నేను బయలుదేరు వేళకు ఆ తమ్ముడు మిరపకాయలను ప్రోగు చేయుటలో తల్లికి సాయపడుచున్నాడు. నన్ను చూచి, "తాతగారూ, ఆ మరమనిషికి కన్ను మళ్ళీ దొరికిందా?" అని అడిగినాడు. దొరికినదని చెప్పినాను. అన్న తలయెత్తి, "నిజమేనా?" అన్నాడు. ఆ ఆట వాడు అప్పటికి రెండుసార్లు పూర్తి చేసినాడట.