మీ సాక్ష్యాన్ని ఏఐ రాస్తే... తప్పు సాఫ్ట్‌వేర్‌దా? గదిదా?

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ ఆన్ చేసి, నోటికి జానెడు దూరంలో పట్టుకుని ఇలా అనండి: ‘సర్వే నంబరు అరవై మూడులో ఇరవై గుంటలు నావి. వాటిని నేను ఎవరికీ అమ్మలేదు.’ దాదాపు సరిగ్గానే పడుతుంది. ఇప్పుడు ఫోన్‌ను హాల్లో ఓ మూల పెట్టండి. ఫ్యాను ఐదులో తిరగనివ్వండి. అవతలి మూల నుంచి అదే వాక్యాన్ని అదే గొంతుతో చెప్పండి. అరవై కాస్తా ఇరవై కావచ్చు. ‘అమ్మలేదు’లోని ‘లేదు’ రాలిపోవచ్చు.

వాట్సాప్ మెసేజ్ అయితే దిద్దుకుని పంపేస్తారు. మీరు కోర్టు బోనులో నిలబడి చెప్పిన మాటకే ఇలా జరిగితే?

ఈ ప్రశ్నకు ఇప్పుడే ఎందుకు తొందరంటే, మాటను విని రాసే ఏఐ మన ప్రభుత్వ సేవల్లోకి వచ్చేసింది. 2023 ఫిబ్రవరి 21న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందు మహారాష్ట్ర శివసేన వివాదంపై వాదనలు సాగుతుండగా, ఆ మాటలు తొలిసారి అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా కనిపించాయి. కింది కోర్టుల్లో సాక్షుల వాంగ్మూలాలను 2025 నవంబరు 1 నుంచి ‘అదాలత్ ఏఐ’ అనే సాధనంతో నమోదు చేయాలని కేరళ హైకోర్టు ఆదేశించింది. గ్రామసభల రికార్డింగు నుంచి మినిట్స్ తయారుచేసే ‘సభాసార్’ను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో తెచ్చింది. ‘భాషిణి’ ఆధారంగా నడిచే ఈ సాధనం పనిచేసే భాషల్లో తెలుగు కూడా ఉంది.

ఇది మంచి మార్పే. మన దగ్గర చాలా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి విని ఇంగ్లిష్‌లో చెబుతారు, స్టెనో టైపు చేస్తారు. సాక్షి నోట వచ్చిన అసలు మాట రికార్డులో మిగలదు. మిషను తెలుగు మాటను తెలుగులోనే పట్టుకోగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది? చిక్కల్లా ఆ మాట మిషను దాకా ఎలా చేరుతుందన్న దగ్గరే ఉంది.

చప్పుడు వేరు, మారుమోత వేరు

ఫ్యాను, ఏసీ, బయటి హారన్లు... ఇవన్నీ చప్పుడు. మీ గొంతుకు వీటికి పోలిక ఉండదు కాబట్టి ఏది మాటో, ఏది కాదో సాఫ్ట్‌వేర్ చాలావరకు విడదీయగలదు. మారుమోత అలా కాదు. అది మీ గొంతే. గోడకు, పైకప్పుకు, గచ్చుకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చిన మీ మాటే. ‘మనిషి గొంతు కానిదాన్ని తీసెయ్’ అని చెబితే మిషను దాన్ని తీయలేదు.

అన్ని ప్రతిధ్వనులూ చెడ్డవి కావు. అసలు మాట వెంట 50 మిల్లీసెకన్ల లోపు వచ్చేవి మాటకు బలమే ఇస్తాయి. ఆ తర్వాత వచ్చేవే తర్వాతి అక్షరాల మీద పడి వాటిని కప్పేస్తాయి.

ఈ విషయాన్ని తొలిసారి లెక్కకట్టింది అమెరికాలోని హార్వర్డ్ అధ్యాపకుడు వాలెస్ సబీన్. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో ఎవరేం చెప్పినా విద్యార్థులకు అర్థమయ్యేది కాదు. పలికిన శబ్దం దాదాపు ఐదున్నర సెకన్ల పాటు హాల్లోనే తిరుగుతుండేది. సబీన్ పక్కనున్న థియేటర్ సీట్ల మెత్తలను రాత్రిపూట మోయించుకొచ్చి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు. తెల్లారేలోగా మళ్లీ యథాస్థానానికి చేర్చాలి మరి! అలా పుట్టిన సూత్రాన్ని ఆడిటోరియాలు కట్టేవాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు.

అదే సూత్రంతో ఒక మామూలు కోర్టు హాలును లెక్కేద్దాం. పొడవు 12 మీటర్లు, వెడల్పు 9, ఎత్తు నాలుగున్నర. సిమెంటు గోడలు, గ్రానైట్ గచ్చు, కాంక్రీటు కప్పు. శబ్దాన్ని పీల్చుకునేది ఏదైనా ఉందంటే అది లోపలున్న మనుషుల ఒంటి మీది బట్టలే. నలభై మంది ఉంటే ఒక శబ్దం పూర్తిగా అణగడానికి సుమారు 2.6 సెకన్లు పడుతుంది. మనం సెకనుకు ఐదారు అక్షరాలు పలుకుతాం. అంటే మీరు పలికిన ఒక్కో అక్షరం తోక తర్వాతి పదమూడు, పదిహేను అక్షరాల మీద పరుచుకుంటుంది. అదే హాలుకు శబ్దాన్ని బాగా పీల్చే ప్యానెళ్లు ఓ 60 చదరపు మీటర్ల మేర బిగిస్తే ఈ సమయం ఒక్క సెకనుకు దిగుతుంది.

ఇంకో లెక్క దీనికన్నా ముఖ్యం. నోటి నుంచి కొంత దూరం దాటాక, నేరుగా వచ్చే గొంతు కంటే గోడల నుంచి వచ్చే మోతే ఎక్కువవుతుంది. ప్యానెళ్లు లేని పై హాల్లో ఆ దూరం సుమారు ముప్పావు మీటరు. చేయి చాచినంత. మైకు జడ్జి బల్ల మీద, సాక్షి మూడు మీటర్ల అవతల ఉంటే మైకుకు వినబడేది సాక్షి కన్నా గోడలే.

మరి ఇన్నాళ్లూ స్టెనోకు ఎలా వినబడింది?

మనకు రెండు చెవులున్నాయి. ముందు వచ్చిన శబ్దాన్ని పట్టుకుని, వెనక వచ్చే దాని నకళ్లను పక్కన పెట్టడం మెదడుకు అలవాటు. ఈసారి పెళ్లి హాల్లో ఎవరితోనైనా మాట్లాడుతూ ఒక చెవి వేలితో మూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. అయినా అర్థం కాకపోతే స్టెనో తలెత్తి ‘ఏమన్నారు?’ అని అడుగుతారు. మిషను అడగదు. అర్థమైనా కాకపోయినా ఏదో ఒకటి రాసుకుంటూ పోతుంది. నా దృష్టిలో రెండింటికీ ఉన్న అసలు తేడా ఇదే.

తెలుగుకు ఈ బెడద కాస్త ఎక్కువేనని చెప్పాలి. మన వాక్యంలో కీలకమంతా చివర ఉంటుంది. కొట్టాడా, కొట్టారా, కొట్టలేదా అన్నది ఆఖరి అక్షరాలే తేలుస్తాయి. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మాట్లాడేవాడి గొంతు దిగిపోతుంది, అంతకుముందు పలికిన అక్షరాల మోత ఇంకా గాల్లోనే ఉంటుంది. పైగా మనకు ద్విత్వాక్షరాలు ఎక్కువ. ‘గడి’కీ ‘గడ్డి’కీ, ‘కల’కీ ‘కల్ల’కీ తేడా ఆ హల్లు దగ్గర ఎంతసేపు ఆగామన్నదే. ‘గడ్డి’ లాంటి మాటల్లో ఆ ఆగిన చోటు నిజానికి దాదాపు నిశ్శబ్దం. మారుమోత మొదట పూడ్చేది నిశ్శబ్దాలనే. అరవై, ఇరవై సంగతి మొదట్లోనే చూశాం. రెండింటికీ తేడా మొదటి అచ్చు ఒక్కటే, ముందు మాట తోక దాని మీద పడితే మిగిలేది ‘రవై’.

సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదు?

చాలానే. రెండు మూడు మైకులను వరుసగా పెడితే ఒక్కోదానికి గొంతు చేరే సమయంలో మిల్లీసెకనులో పిసరంత తేడా ఉంటుంది. దాన్ని బట్టి మాట ఏ దిక్కు నుంచి వస్తోందో కనిపెట్టి, ఆ దిక్కునే గట్టిగా వినేలా చేయవచ్చు. స్మార్ట్ స్పీకర్లలో నాలుగైదు సన్నటి రంధ్రాలు కనిపించేది ఇందుకే. మారుమోతకు వేరే పద్ధతి ఉంది. ఇంతకుముందు వినబడినదాన్ని బట్టి ఇప్పుడు వస్తున్న తోక ఎంత ఉంటుందో అంచనా కట్టి తీసేయడం. జపాన్‌కు చెందిన ఎన్‌టీటీ పరిశోధకులు రూపొందించిన ఈ పద్ధతిని గూగుల్ తన హోమ్ స్పీకర్‌లో వాడింది. మూడో దారి, రకరకాల గదుల మోతను కంప్యూటర్‌లో సృష్టించి, ఆ చెడిన మాటలతోనే మోడల్‌కు శిక్షణ ఇవ్వడం.

ఇవన్నీ కలిసినా దూరం దూరమే. ‘చైమ్’ అనే అంతర్జాతీయ పోటీ 2018లో ఒక పని చేసింది. నిజమైన ఇళ్లలో నలుగురేసి మిత్రులు కూర్చుని భోంచేస్తూ కబుర్లాడుకున్న 20 విందులను రికార్డు చేసి, పరిశోధకుల ముందు పెట్టింది. పోటీకి ప్రాతిపదికగా ఇచ్చిన వ్యవస్థ, చెవుల దగ్గర పెట్టుకున్న మైకుల శబ్దంతో వంద మాటలకు సుమారు 48 తప్పులు చేసింది. గదిలో దూరంగా ఉన్న మైకులతో అయితే 80కి పైగా! తర్వాతి రెండేళ్లలో మంచి బృందాలు ఈ తప్పులను సగానికి పైగా తగ్గించాయి. అది గొప్ప విషయమే కానీ, వందకు ముప్పై తప్పులున్న వాంగ్మూలంతో ఏ కోర్టూ ఏమీ చేసుకోలేదు.

ఇక్కడో తిరకాసు కూడా ఉంది. శుభ్రం చేసిన ఆడియో మన చెవికి హాయిగా వినబడినంత మాత్రాన మిషనుకు బాగా అర్థమవుతుందని లేదు. చప్పుడుతో పాటు హల్లుల అంచులనూ గీకేస్తే, కొన్నిసార్లు శుభ్రం చేయకముందే నయం అనిపిస్తుంది.

ఇక లేని మాటలు పుట్టించే జబ్బు. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన ‘విస్పర్’ 6,80,000 గంటల ఆడియోతో నేర్చుకుంది. అందులో తెలుగు మాటను తెలుగులోనే రాసి ఉన్నది పది గంటలు కూడా లేదు. ఆ మోడల్‌పై 2024లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, పరీక్షించిన ఇంగ్లిష్ ఆడియో ముక్కల్లో సుమారు 1 శాతంలో ఎవరూ అనని వాక్యాలు కనిపించాయి. మాటల మధ్య నిశ్శబ్దం ఎక్కువున్న వాళ్ల విషయంలో ఇది పెరిగింది. ఆ అధ్యయనం మోత గదుల గురించి కాదు. కానీ మాట దొరకని చోట మోడల్ ఖాళీ వదలకుండా వాక్యం అల్లేస్తుందన్నది మాత్రం రుజువైంది. భయపడుతూ ఆగి ఆగి మాట్లాడే సాక్షి గుర్తొస్తే ఇది చిన్న విషయంగా కనిపించదు.

తెలుగుకు సామగ్రి లేదని కాదు. ఐఐటీ మద్రాస్‌లోని ‘ఏఐ4భారత్’ 22 భాషల్లో వేల గంటల సహజమైన మాటలను ‘ఇండిక్‌వాయిసెస్’ పేరుతో పోగేసింది. మోడళ్లు మెరుగుపడుతూనే ఉంటాయి. మైకు పట్టుకోని మాటను మాత్రం ఏ మోడలూ తెచ్చిపెట్టలేదు.

ఏం అడగాలి?

ఇ-కోర్టుల మూడో దశకు 2023లో కేంద్రం ఆమోదించిన 7,210 కోట్ల రూపాయల్లో 53.57 కోట్లు ఏఐ, బ్లాక్‌చెయిన్ వంటి కొత్త సాంకేతికతలకు కేటాయించారు. ఏ శాఖ అయినా ఇలాంటి సాధనం కొనేముందు ‘95 శాతం కచ్చితత్వం’ అనే మాటను నమ్మి సంతకం పెట్టకూడదు. ఆ 95 ఏ గదిలో వచ్చింది? స్టూడియోలోనా, ఫ్యాన్లు తిరుగుతున్న మన హాల్లోనా? మిగిలిన ఐదు మాటలు ఏవి? ‘అంటే’, ‘మరి’ లాంటివి పోతే నష్టం లేదు. పేరు, తేదీ, సర్వే నంబరు, ‘లేదు’... ఇవి పోతే మిగతా 95 సరిగ్గా ఉండీ లాభం లేదు. అందుకే వీటి లెక్క విడిగా అడగాలి. జడ్జికి, సాక్షికి, ఇద్దరు లాయర్లకు తలా ఒక మైకు, ఒక్కోదానికి విడి రికార్డింగు ఉండాలి. ఖరీదైన మోడల్ కన్నా ముందు సీలింగుకు ప్యానెళ్లు బిగించడం మేలని నా అభిప్రాయం. దానికి సబ్‌స్క్రిప్షన్ కూడా కట్టక్కర్లేదు.

మనిషి తనిఖీ ఎలాగూ తప్పదు. సుప్రీంకోర్టులో మొదలుపెట్టిన రోజునే, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇబ్బంది రావచ్చని, సాయంత్రానికల్లా సిబ్బంది తప్పులు సరిచేస్తారని అప్పటి ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్ చెప్పారు. జిల్లా కోర్టులో ఆ సిబ్బంది ఎవరు? గ్రామసభ అయితే పంచాయతీ కార్యదర్శి ఒక్కరే. రేకుల షెడ్డులో యాభై మంది ఒకేసారి మాట్లాడిన వీడియో నుంచి వచ్చిన మినిట్స్‌ను ఆయన మళ్లీ మొత్తం విని సరిచూస్తారా?

మీ వరకు వస్తే, క్రిమినల్ కేసులో సాక్ష్యం చెప్పాల్సి వచ్చినప్పుడు మైకు మీకు చేయి చాచినంత దూరంలోపు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే దగ్గరికి జరపమని అడగండి. వాక్యం చివర గొంతు దించకండి. లాయరు ప్రశ్న పూర్తయ్యాకే జవాబు మొదలుపెట్టండి. చెప్పడం అయిపోయాక రాసింది చదివి వినిపించే దాకా కదలకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 313 ప్రకారం సాక్ష్యం ముగియగానే దాన్ని మీకు చదివి వినిపించాలి, అవసరమైతే దిద్దాలి. రాసింది మీకు రాని భాషలో ఉంటే మీకు తెలిసిన భాషలో చెప్పాలి. తప్పుందని మీరన్నా జడ్జి దిద్దకపోతే, మీ అభ్యంతరాన్నైనా రికార్డులోకి ఎక్కించే వీలుంది. వినేటప్పుడు ముందుగా అంకెలు, పేర్లు, ‘లేదు’లు చూసుకోండి. గ్రామసభలోనో వార్డు సమావేశంలోనో అయితే మైకు చేతికొచ్చాకే మాట్లాడండి, ముందు మీ పేరు చెప్పండి, ఇంటికెళ్లే ముందు ఆ ఆడియోను ఎన్నాళ్లు ఉంచుతారో అడిగి తెలుసుకోండి.