చెప్పని మాటను చదువుట

అక్షరములను తప్పులేకుండ పలికినంతమాత్రమున చదువు పూర్తి యగునని పలువురు తలంచుదురు. ఉపాధ్యాయుడనుగా నున్నప్పుడు నేనును చాలకాలము అట్లే తలంచితిని. ఒక బాలుని సమాధానము నా యభిప్రాయమును మార్చినది.

ఒకనాడు నల్లబల్లపై నిట్లు వ్రాసితిని: “నారాయణఖేడ్ తాలూకా 1956వ సంవత్సరము వరకు బీదరు జిల్లాలో నుండెను. ఆ యేడు నవంబరు 1వ తేదీన అది మెదకు జిల్లాలో చేరెను. బీదరు పట్టణము మైసూరు రాష్ట్రములో చేరెను.” బాలుడు గడగడ చదివెను. తాలూకా ఏ సంవత్సరమున మారెనని యడుగగా వెంటనే చెప్పెను. “మన మనూర్ వైపు పెక్కు కుటుంబములకు బీదరులో చుట్టములేల కలరు?” అని యడిగితిని. “అది ఇందులో లేదు సార్” అనెను. తప్పు వానిది కాదు. పుటలో నున్న జవాబులనే నేను ఏండ్లతరబడి యడుగుచు వచ్చితిని.

కొండమీది పొగను చూచి అచట నిప్పు కలదని గ్రహించుటను మన తర్కశాస్త్రకారులు అనుమానము అనిరి. ఇచట ఆ మాటకు సందేహమని యర్థము కాదు. కనబడినదానినిబట్టి కనబడనిదానిని తెలిసికొనుట. పొగ కన్నులకు కనబడును. పొగ యున్నచోట నిప్పుండునను జ్ఞానము మనలో ముందే యుండును. ఈ రెండును కలిసినప్పుడే నిప్పు తెలియును. చదువును అట్టిదే. జిల్లా మారెనని పుటలో నున్నది. ఇరుగుపొరుగు ఊళ్లు సంతలకును సంబంధములకును కలిసియుండునని మనకు తెలియును. పటముమీది గీత ఒక్కనాటిలో మారినను చుట్టరికములు మారవని గ్రహించుట చదువరి పని.

అయితే ఊహ వేఱు, అనుమానము వేఱు. ఆ వాక్యములనే చూచి మఱియొక బాలుడు “అయితే మనూర్‌లో అందఱికిని కన్నడము వచ్చును సార్” అనెను. ఇది మంచును చూచి పొగ యనుకొనుట వంటిది. “అందఱికిని” అను మాటకు ఆ పుటలో ఆధారము లేదు.

ఇది పరీక్షలకు మాత్రమే పనికివచ్చు విద్య కాదు. కొన్ని మందుసీసాలపై “త్రాగుటకు ముందు బాగుగా కదిలింపవలెను” అని యుండును. కారణము వ్రాసియుండదు. మందు అడుగున పేరుకొనునని గ్రహించిన తల్లి మఱువక కదిలించును. గ్రహింపనిచో మొదటి మోతాదులలో మందు తక్కువై, తుది మోతాదులలో ఎక్కువై బిడ్డకు కీడు కలుగవచ్చును.

కనుక విద్యార్థులారా, పాఠము ముగియగానే రెండు ప్రశ్నలు వేసికొనుడు: ఇందు చెప్పక విడిచినదేమి? నేననుకొనుచున్నదానికి ఆధారమగు వాక్యమేది? మొదటి ప్రశ్న వేసికొననివాడు చిలుకవలె చదువును; రెండవది వేసికొననివాడు వదంతులను నమ్మును.