భయం బండిని చూసి కాదు

ఆఫ్రికా చూసొచ్చిన తెలుగువాళ్ళు అమెరికాలో ఇప్పుడు అరుదేం కాదు. మసాయి మారాలో సింహం, సెరెంగెటీలో ఏనుగుల మంద, జీపు పైకప్పులోంచి తల బయటపెట్టి కొత్త టోపీతో ఒక ఫోటో. శనివారం విందులో అవన్నీ వరసగా చూపిస్తారు. ఎన్ని చూసినా ఆ దేశపు మనిషి మాత్రం కనపడడు. మహా అయితే జీపు నడిపేవాడి భుజం ఒక మూల పడి ఉంటుంది. పదిరోజులు ఒక దేశంలో ఉండి, అక్కడి మనిషితో నాలుగు మాటలు మాట్లాడకుండా తిరిగిరావడం తేలికైన విద్య కాదు. ఈ విద్య మనవాళ్ళకి ఎక్కడ అబ్బిందన్నదే నా ప్రశ్న.

పనిమీద వెళ్ళి మూడు వారాలు ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్నాను, ఊరంతా బోడా బోడా మీద తిరిగాను అని చెబితే ఇక్కడి మిత్రులు అడిగింది ఒకటే: "వాళ్ళ వెనకాల కూర్చునా? ఒక్కడివేనా?" ఊరు ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను.

బోడా బోడా అంటే అద్దె మోటారు సైకిలు. 1960లలో కెన్యా, ఉగాండాల సరిహద్దు ఊరు బుసియాలో, రెండు చెక్‌పోస్టుల మధ్య దూరాన్ని జనం సైకిళ్ళ వెనక కూర్చుని దాటేవారు. సైకిళ్ళవాళ్ళు "బోర్డర్, బోర్డర్" అని అరిచిన అరుపే పేరుగా నిలిచిపోయింది. తర్వాత సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది. కంపాలా వీధుల్లో ఆ మోటారు సైకిలు ఎక్కడ చూసినా మన బజాజ్ బాక్సరే. మన దేశపు బండిని నమ్మి ఆ ఊరు బతుకుతోంది. ఆ బండి నడిపేవాణ్ణి నమ్మడానికి మనకి మనసొప్పదు.

కంపాలా కొండల ఊరు. కారెక్కితే ముందు కారు వెనకభాగం తప్ప ఏమీ కనపడదు. బండి మీద అయితే ఓల్డ్ టాక్సీ పార్కులో కిక్కిరిసిన తెల్ల వ్యానుల సందుల్లోంచి దూరి, ఓవినో బజారు పక్కనుంచి పోవచ్చు. అక్కడ గుట్టలుగా పోసి అమ్మే పాత బట్టల్లో, ఇక్కడ మనం దానం పెట్టెల్లో పడేసే రకం చొక్కాలు బోలెడు. 1922లో మొదలైన మకెరెరె విశ్వవిద్యాలయం చూడొచ్చు. 2010లో కాలిపోయాక మళ్ళీ కట్టిన కసూబీ కొండమీది బుగాండా రాజుల సమాధి మందిరం చూడొచ్చు. ఆకలేస్తే రోడ్డు పక్కన చపాతీలో ఆమ్లెట్టు చుట్టి ఇస్తారు, దాని పేరు "రోలెక్స్". ఆ చపాతీ భారతీయుల వెంట ఓడెక్కి వెళ్ళినదే. నన్ను ఎక్కించుకున్న ప్రతివాడూ "సెబో" అనే పిలిచాడు. లుగాండాలో ఆ మాటకి "అయ్యా" అని అర్థం. బండివాడికి డబ్బు ఫోన్లోంచే ఇవ్వొచ్చు. మన యూపీఐ 2016లో వచ్చింది. ఉగాండాలో ఎమ్‌టీఎన్ మొబైల్ మనీ 2009 నుంచే ఉంది. సాఫ్ట్‌వేరు మన సొంత సొత్తనుకునే మనం తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ప్రమాదం లేదా అంటారు. ఉంది. ములాగో ఆసుపత్రి ఎముకల వార్డుకి వెళితే బోడా ప్రమాదాల్లో కాళ్ళు విరిగినవాళ్ళు కనపడతారు. అందుకే 2014లో మొదలైన సేఫ్‌బోడా లాంటి సంస్థలు ప్రయాణికుడికీ హెల్మెట్ ఇస్తాయి. హెల్మెట్ లేని బండి నేను ఎక్కలేదు, మిమ్మల్నీ ఎక్కమనను. కానీ ఈ ప్రమాదాల లెక్క మనకి హైదరాబాదులో గుర్తుకొస్తుందా? సెలవులకి వెళ్ళినప్పుడు అమీర్‌పేటలో రాపిడో బండెక్కి, హెల్మెట్ మాట కూడా ఎత్తకుండా హైటెక్ సిటీకి వెళ్ళమూ? నాన్న స్కూటరు మీద ముందొకరు వెనక ఇద్దరుగా పెరిగిన తరం మనది. కాబట్టి మన భయం బండిని చూసి కాదు. నడిపేవాడి రంగు చూసి.

ఈ భయం ఆఫ్రికాలో పుట్టలేదు. అమెరికాలో దిగిన మొదటి వారంలోనే సీనియర్లు చెవిలో వేస్తారు: "ఆ వీధి దాటి వెళ్ళకు, అటు కల్లూలు ఉంటారు." ఆ మాట పిల్లల ముందే అంటాం. తర్వాత ఇల్లు కొనేటప్పుడు దానికే "మంచి స్కూళ్ళు" అని మర్యాదైన పేరు పెడతాం.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఓలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని ఒక తెల్లవాడు కాల్చి చంపాడు. ఆ తర్వాత తెల్లవాళ్ళ పేటలో ఇల్లు కొనొద్దని ఏ సీనియరూ ఎవరికీ చెప్పగా నేను వినలేదు. చెప్పకపోవడమే న్యాయం. ఆ హంతకుణ్ణి ఆపబోయి తూటా తిన్నవాడూ తెల్లవాడే. ఒకడి నేరం జాతికంతా అంటదని మనకి తెలుసు. తెలిసిన ఈ న్యాయం నల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతాం?

1972లో ఈదీ అమీన్ మనవాళ్ళకి 90 రోజులు గడువిచ్చి ఉగాండా నుంచి తరిమేశాడు కదా అని కొందరంటారు. తరిమాడు, అది ఘోరం. అయితే 1990లలో అదే దేశం వాళ్ళని మళ్ళీ రమ్మంది, ఆస్తులు తిరిగి ఇచ్చింది. మీరా నాయర్ 1991లో తీసిన "మిసిసిపీ మసాలా" ఆ కథే. కంపాలా నుంచి తరిమేస్తే అమెరికా చేరిన కుటుంబం, కూతురు నల్లవాణ్ణి ప్రేమిస్తే తట్టుకోలేకపోతుంది. గాయపడ్డవాడికీ వివక్ష వదలదని ఆ సినిమా చూపించి మూడు దశాబ్దాలు దాటింది.

ఇంకో లెక్క కూడా ఉంది. 1946 చట్టం ప్రకారం భారతదేశం నుంచి ఏడాదికి 100 మందికే ఇక్కడ వలస కోటా. ఆ తలుపు తెరిచింది 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం. అంతకు ముందు ఏడాది పౌరహక్కుల చట్టం, ఆ ఆగస్టులోనే ఓటు హక్కు చట్టం వచ్చాయి. నల్లవాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని జాతి వివక్షను చట్టాల్లోంచి తరిమిన కాలంలోనే మనకీ దారి పడింది. ఆ దారిన వచ్చి, దారి వేసినవాళ్ళని చూసి కారు తలుపులు లాక్ చేసుకుంటున్నాం.

ఈసారి నైరోబీ మీదుగా సింహాలు చూడ్డానికి వెళితే ఒక రోజు ఊరికి కేటాయించండి. హెల్మెట్ పెట్టుకుని బండెక్కండి. నడిపేవాడి పేరడగండి. అంతదూరం వెళ్ళలేకపోతే మీ ఊళ్ళోనే సిటీ బస్సు తిరుగుతూ ఉంటుంది. పిల్లల్ని తీసుకుని అది ఎక్కండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళని పలకరించండి. టిక్కెట్టు రెండు మూడు డాలర్ల కంటే ఎక్కువ ఉండదు.